మడయడవిలోని గుల్లపీత



నేడు నేను చెప్పబోవునది అరచేతిలో నిముడునంతటి యొక చిన్న జంతువును గుఱించి. లోకమున పెద్దసంగతు లెన్నియో యుండగా ఈ ముసలి బడిపంతులు పీతను పట్టుకొని కూర్చుండెనేమి యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, దోషము లేదు. కాని మీ తాంబూలములోని గుల్లసున్నమునకును, తుపానువేళ తీరగ్రామముల కడ్డునిలుచు మడచెట్లకును, ఈ పీతకును నడుమ నొక సంబంధము కలదు. అది యెట్టిదో నిదానముగ మనవి చేసెదను.

ఏటిమొగలయొద్ద పాటు తీసినవేళ బురదమీద నత్తగుల్లలు చెల్లాచెదరుగ పడియుండును. వానిలో కొన్ని నడచును. ఆ నడక నత్తనడక కాదు. కాళ్ళతో చుఱుకుగ పరుగిడును. చేత నెత్తిచూచినచో లోనికి ముడుచుకొని, రెండు డెక్కలను వాకిట తలుపుఱెక్కలవలె మూసికొనును. అది నత్త కాదు, పీత. నత్త చచ్చిన పిమ్మట మిగిలిన గుల్లలో కాపురము పెట్టిన పీత.

క్రొత్తపుస్తకములలో దీనికి ఆంగ్లనామము ననుసరించి సన్యాసిపీత యని పేరు పెట్టిరి. ఈ పేరు నాకు రుచింపదు. సన్యాసికి ఇంటితో పనిలేదు. ఇదియో, ఇంటికొఱకు జీవితమంతయు వెదకుచు, దెబ్బలాడుచు, చిన్నయిల్లు విడిచి పెద్దయింటికి మాఱుచు నుండును. ఇంతటి గృహస్థు సముద్రమున మఱియొకడు లేడేమో! అమరసింహుడు వారివర్గమున చెప్పిన కులీరము, కర్కటకము అను పేళ్ళు పీతజాతి కంతకును చెల్లును గాని ఈ యొక్కతెగను వేఱుపఱుపవు. కావున నేను గుల్లపీత యనియే వ్యవహరింతును. వినువారికిని సులభము.

దీని సంగతి మనుష్యులకు క్రొత్తగ తెలిసినది కాదు. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలోనే గ్రీకుదేశపు అరిస్టాటిలు తన జంతుచరిత్రయందు దీనిని వర్ణించెను. నత్త తన గుల్లకు అంటుకొనియుండును గాని ఈ ప్రాణి యట్లుండదనియు, పెరిగినకొలది పెద్దగుల్లకు మాఱుననియు వ్రాసెను. ఒకతెగ గుల్లపీతకు కుడిడెక్క చిన్నదిగను ఎడమడెక్క పెద్దదిగను ఉండునని కూడ ఆతడు గుఱుతించెను. ఇరువదిమూడు శతాబ్దముల క్రిందట బురదలో వంగి పీతడెక్కలను పోల్చిచూచిన ఆ మహానుభావుని యోపికకు నమస్కరింపవలసినదే.

పీత యనగానే మనకు తోచునది వెడల్పయిన గట్టిడొల్ల, దానిక్రింద మడచిపెట్టిన చిన్నతోక. గుల్లపీత యట్లుండదు. దీని తలయు రొమ్మును మాత్రమే పెంకుచేత కప్పబడియుండును. పొట్టభాగము పొడవుగ, మెత్తగ, తొక్కతీసిన పండువలె నుండును. చేప గాని కొంగ గాని చూచినచో ఒక్కగుక్కలో మ్రింగదగినది. ఆ మెత్తని పొట్టను దాచుకొనుటకే పరాయిగుల్ల కావలసివచ్చినది. కాళ్ళు పది. మొదటిజత డెక్కలు, తరువాతి రెండుజతలు నడకకు, చివరి రెండుజతలు మిక్కిలి పొట్టివి. ఇవి గుల్లనుండి వెలికిరావు; గుల్లను పట్టియుంచుటకును దేహమును శుభ్రపఱచుకొనుటకును ఉపయోగించును. తోకచివర కొంకివంటి అవయవములు రెండు కలవు. వానిలో ఎడమవైపుది పెద్దది. దానితో గుల్లనడుమనున్న కాడను గట్టిగ పట్టుకొనును. బలాత్కారముగ లాగినచో పీత తెగును గాని బయటికి రాదు. పిల్లలు ఈ పని చేయుచుందురు, చేయనీయకుడు.

ఇచ్చట నొక ముచ్చట చెప్పవలెను. దక్షిణావర్తశంఖము ఎంత యపురూపమయినదో మీరెఱుగుదురు. తక్కిన శంఖములన్నియు దానికి ఎదురుమెలికతో పుట్టును. మడయడవిలోని గుల్లలును ఆ సాధారణపు మెలికవే. గుల్లపీత పొట్ట వంశపరంపరగ ఆ మెలికకు సరిపడునట్లే ఒకవైపునకు వంగియుండును. ఆ గుల్ల తాను కట్టినది కాదు, తన తండ్రి కట్టినదియు కాదు. అయినను ఆ పరాయియింటి వంపు దీని దేహమున ముద్రవలె పడియున్నది. నత్తలు మెలికతిరిగి పుట్టకున్నచో ఈ పీత యీ యాకారమున నుండెడిది కాదు.

గుల్లపీతలలో తెగ లనేకములు. మన యిసుకతీరములయందు కానవచ్చు నొక తెగకు డయోజనీసు అని పేరు. ఆ పేరుగల గ్రీకు తత్త్వవేత్త యొక పెద్దజాడీలో కాపురముండెనని ప్రతీతి. ఈ తెగకు ఎడమడెక్క పెద్దది. అరిస్టాటిలు చెప్పిన లక్షణమే. బురదనేలలయందును మడయడవులయందును ఎక్కువగ నుండు తెగ వేఱు. దానికి క్లిబనేరియస్ అని పేరు. లాటినుభాషలో ఆ మాటకు కవచము తొడిగిన రౌతు అని యర్థము. దీని రెండుడెక్కలును ఇంచుమించు సమానములు. వాని కొనలు నల్లగ, కొమ్మువలె గట్టిగ, చెంచావలె గుంటగ నుండును. బురదలోని ఆహారమును గోకి తినుట కది యనుకూలము.

ఈ కవచధారుల తెగలో నేను ముఖ్యముగ చెప్పదలచినది లాంజిటార్సస్ అను జాతి. అనగా దీర్ఘపాదము. నడకకాళ్ళ చిట్టచివరి కణుపు దానిముందటి కణుపుకంటె పొడవుగ నుండుటచేత నీ పేరు కలిగెను. ఆ కణుపులపై నిలువున నొక నీలిచార యుండును. బురద కడిగి యెండలో చూచినచో ఆ నీలము నెమలికంఠపు ఛాయను తలపించును. 1849లో హాలండుదేశపు లైడెన్ నగరమునందలి ప్రదర్శనశాలాధికారి దెహాన్ పండితుడు జపానునుండి వచ్చిన మచ్చులనుబట్టి దీనికి నామకరణము చేసెను. దీని దాయాది యొకటి పడావెన్సిస్ అనునది. బర్మాలోని మెర్గుయి దీవులందు దొరకిన మచ్చులనుబట్టి 1888లో దెమాన్ అను మఱియొక పండితుడు దానిని వర్ణించెను. మనదేశపు గుల్లపీతల నన్నిటిని పట్టికగ గూర్చిన గ్రంథము 1905లో కలకత్తా ప్రదర్శనశాలనుండి వెలువడెను. రచించినవాడు ఆల్కాక్ అను వైద్యుడు, ఇన్వెస్టిగేటర్ అను సముద్రశోధననౌకపై పనిచేసినవాడు.

దీర్ఘపాదపీత యెంతదూరము వ్యాపించియున్నదో వినిన ఆశ్చర్యము కలుగును. ఆఫ్రికాఖండపు తూర్పుతీరము, మడగాస్కరు, మన రెండుతీరములు, సింహళము, మలయాదీవులు, ఆస్ట్రేలియా ఉత్తరతీరము, అటనుండి జపాను. కాళ్ళతో నడచినచో దినమునకు ఊరిచెఱువుగట్టు దాటలేని ప్రాణికి ఇంతటి దేశాటన మెట్లు లభించెను? దీని శైశవమే అందులకు కారణము. ఆడపీత గ్రుడ్లను తన పొట్టకు ఎడమప్రక్క నున్న చిన్నకాళ్ళకు అంటించుకొని, గుల్లలోపలనే మోయుచుండును. గ్రుడ్లు చిట్లినపుడు పిల్లలను నీటిలోనికి విడుచును. ఆ పిల్లలకు గుల్ల లేదు; పీతరూపమును లేదు. కంటికి కానరానంత చిన్నవై, గాజువలె పారదర్శకములై, కొన్నివారములు నీటిపై తేలుచు ప్రవాహము లెటు కొనిపోయిన నటు పోవును. వానిలో అత్యధికభాగము చేపలపాలు. మిగిలినవి రూపము మార్చుకొని తీరము చేరును. చేరినతోడనే చేయవలసిన మొదటిపని ఆవగింజంత గుల్ల నొకదానిని వెదకికొనుట. తరతరముల యీ తేలికప్రయాణముచేతనే ఒకజాతి ఇన్నిదేశములకు ప్రాకినది.

దేశము లెన్నియైనను నివాసస్థాన మొక్కటియే: పోటునకును పాటునకును నడిమినేల. అందును ఉప్పునీరును మంచినీరును కలియు ఏటిమొగలు, మడచెట్ల మొదళ్ళు. కాకినాడకు దక్షిణమున కోరింగ మడయడవి యున్నది గదా, గౌతమి పాయలు సముద్రమున కలియుచోట. 1978లో ప్రభుత్వము దానిని అభయారణ్యముగ ప్రకటించెను. నల్లమడ, తెల్లమడ, తిల్లచెట్ల నడుమ నాచోట పాటుసమయమున కాలువ యంచున నిలిచినచో ఈ జాతివారి కాపురము చక్కగ తెలియును. దినమునకు రెండుమాఱులు నీరు వచ్చును, రెండుమాఱులు పోవును. నీరున్నపుడు పీతలు కుళ్ళిన ఆకులను, నాచును, చచ్చిన ప్రాణుల మాంసమును తినుచు తిరుగును. ఆ విధముగ బురదను శుభ్రముచేయు పాకీపని వీనిది. నీరు తీసిన పిమ్మట ఎండ, గాలి, వానజల్లు అన్నియు మీదపడును. అప్పుడు గుల్లలో కొంచెము నీరు నిలువచేసికొని, వాకిలి మూసికొని, నీడను చేరియుండును. సముద్రమున నెప్పుడును నీటిక్రింద నుండు పీతకు గుల్ల కోటవంటిది. ఈ నడిమినేల పీతకో, కోటయు అదియే, నీటికుండయు అదియే. ఈ కవచధారుల తెగలో కొన్నిజాతులు పాటువేళ గుంపులు కట్టును. కెన్యాదేశమున మిడా అను సముద్రపుపాయలోని మడచెట్లక్రింద ఈ తెగకు చెందిన లేవిమేనస్ అను జాతి వందలు వేలుగ కుప్పపడియుండుటను శాస్త్రజ్ఞులు పరిశీలించిరి.

ఇక రూపభేదముల మాట. ఒకేజాతికి చెందిన రెండుపీతలను ప్రక్కప్రక్కన పెట్టినచో ఒకటి గోరంత, ఒకటి బొటనవ్రేలంత యుండవచ్చును. వయోభేదము కొంత కారణము. మగవి ఆడవానికంటె పెద్దవిగ పెరుగుటయు కొంత కారణము. కాని వానికి మించిన కారణము ఇల్లు. పీత పెరుగవలెనన్న పాతపెంకును కుబుసమువలె విడిచి, క్రొత్తపెంకు గట్టిపడకముందే ఉబ్బవలెను. గుల్ల యిఱుకయినచో ఆ యుబ్బుటకు చోటు లేదు. కావున ఇఱుకుగుల్లలోని పీత పెరుగుట తగ్గును, కుబుసము విడుచుట ఆలస్యమగును. ఆడపీతయైనచో గ్రుడ్లు మోయుటకు చోటుచాలక తక్కువ గ్రుడ్లు పెట్టును. వాకిటికి చాలనంత పెరిగిన పీతకు లోనికి ముడుచుకొన వీలు లేక శత్రువునకు చిక్కును. చిన్న పొడుగుగుల్లలు మాత్రమే దొరకు బురదలో పీతలన్నియు చిన్నవే. బొంగరమంత పెద్దగుల్లల నత్తలున్నచోట పీతలును బలిసియుండును. పీతను చూచి నేల యెట్టిదో చెప్పుటకంటె, అక్కడ ఏ నత్తలు బ్రదికినవో చెప్పుట సులభము.

రంగులలోని భేదము మఱియొక చిక్కు తెచ్చును. చారల రంగు ప్రాణమున్నంతవఱకే. సారాయిసీసాలో వేసినచో కొలదికాలమునకే ఆ నీలము వెలిసి తెల్లనగును. ప్రదర్శనశాలలోని మచ్చులను మాత్రమే చూచి నిర్ణయించిన పూర్వులు దీనివలన అనేకభ్రమలకు లోనైరి. అమెరికాఖండమునందలి ఉదాహరణము స్పష్టమయినది. అచ్చటి కవచధారులలో విటాటస్ అను జాతిని 1802లో బాస్క్ అను ఫ్రెంచిపండితుడు వర్ణించెను. సంయుక్తరాష్ట్రములనుండి బ్రెజిలు దక్షిణతీరమువఱకు నున్నది అంతయు ఆ యొక్కజాతియే యని చిరకాలము నమ్మిరి. కాళ్ళమీది చారల తీరును, వంశలక్షణములను నిర్ణయించు కణపరీక్షను కలిపిచూచి 2014లో అది రెండుజాతులని తేల్చిరి. దక్షిణమున నున్నదానికి 1840లో రాండల్ పెట్టి, పిదప మూలబడిన సిమెట్రికస్ అను పేరు తిరిగి పట్టాభిషిక్తమయ్యెను. అందుచేతనే చారలను బ్రదికియుండగనే చూడవలెనని నేను పలుమాఱు చెప్పుదును.

ఇల్లు దొరకుట యెట్లు? గుల్లపీత సామాన్యముగ నత్తను చంపి గుల్లను హరింపదు. నత్త వేఱొకదానిచేత చంపబడినపుడు ఆ మాంసపువాసన నీటిలో వ్యాపించును. ఆ వాసనపట్టి పీతలు చేరును. ఖాళీగుల్ల యొకటి దొరకగా ఏమి జరుగునో న్యూయార్కునకు చేరువనున్న లాంగ్ దీవి తీరమున ఐవన్ చేజ్ అను సమాజశాస్త్రజ్ఞుడు పరిశీలించి 1988లో ప్రకటించెను. పెద్దపీత ఆ గుల్లలో దూఱును. అది విడిచిన గుల్లలో అంతకు చిన్నది దూఱును. దాని గుల్లలో మఱియొకటి. పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు విరమించినపుడు క్రిందివారందఱు ఒక్కొక్కమెట్టు పైకి జరుగుట మీరు చూచియుందురు. సరిగ అట్లే. ఒక్కగుల్ల లభించిన ఒక్కపీతకే కాదు మేలు, ఆ వరుసలోని వారందఱకును మేలే. వరుస కుదరనిచోట యుద్ధము. తన గుల్లతో ఎదుటివాని గుల్లను టకటక కొట్టి, ఓపికపట్టలేక వాడు బయటికి వచ్చినంతనే ఇల్లు మార్చుకొను జాతులు ఐరోపాతీరమున కలవు.

ఈ కథలోని ముఖ్యవిషయ మిప్పుడు చెప్పుచున్నాను. పీతల సంఖ్యను నిర్ణయించునది పలుచోట్ల ఆహారము కాదు, గుల్లలే. అమెరికాలో వాషింగ్టను రాష్ట్రపు దీవులయందు వాన్స్ అను శాస్త్రజ్ఞుడు ఒకచోట ఖాళీగుల్లలను తెచ్చి చల్లగా అచ్చటి గుల్లపీతల సంఖ్య పెరిగెను. ఆ ఫలితమును 1972లో ప్రకటించెను. తిండి అధికముగ పెట్టలేదు, శత్రువులను తొలగింపలేదు. ఇండ్లు మాత్రమే యిచ్చెను. గుల్ల పెరిగిన పీత పెరిగినదన్నచో, గుల్ల తఱిగిన పీత తఱుగవలెను గదా!

మన తీరమున గుల్ల తఱుగుటకు మార్గము లనేకము. సున్నపుబట్టీలకు గంపలకొలది గుల్లలు పోవును. అలంకారపుసామానునకు, బొమ్మలకు పోవును. సముద్రస్నానమునకు వచ్చిన యాత్రికుడు గుప్పెడు జేబులో వేసికొనును. గుప్పెడే గదా యనవచ్చును; కాని స్పెయినుదేశమున ల్యార్గా అను తీరమున ముప్పదియేండ్ల యెడమున రెండుమాఱులు లెక్కించిచూడగా, యాత్రికులు సుమారు మూడింతలు పెరుగునప్పటికి తీరముపై గుల్లలు సగముకంటె ఎక్కువ తఱిగియుండెనని 2014లో ప్రకటించిరి. మడచెట్లు నఱికినచో గుల్లకు మూలమయిన నత్తయే పోవును. 1990 ప్రాంతమునుండి రొయ్యలచెఱువుల కొఱకు మన మడనేలలు ఎంత త్రవ్వబడినవో తీరగ్రామముల పెద్దలకు నేను చెప్పవలసినపని లేదు.

గుల్ల దొరకనిచోట ఏమగునో ఈ పీతకు దాయాదులయిన నేలగుల్లపీతల వలన తెలియవచ్చుచున్నది. లోకమునందలి 16 జాతుల నేలగుల్లపీతలలో 10 జాతులు సీసామూతలు మొదలగు చెత్తను తొడుగుకొని తిరుగుచున్నట్లు ఛాయాచిత్రములను పరిశీలించిన పోలెండు శాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించిరి. వారు చూచిన పీతలు 386. హిందూమహాసముద్రమున కోకోస్ దీవులయందును, పసిఫిక్కులోని హెండర్సన్ దీవియందును ప్లాస్టికు సీసాలలో దూఱి, నున్నని గోడ ప్రాకలేక, ఎండకు మాడి చచ్చిన పీతలు ఇంచుమించు 5,70,000 అని మఱియొక లెక్క. ఇందొక ఘోరమున్నది. నేలగుల్లపీత చచ్చిన వాసన, గుల్ల ఖాళీ అయ్యెనని మఱియొక పీతకు పిలుపువంటిది. ఆ పిలుపు విని రెండవది సీసాలో దిగును. దానివెనుక మూడవది.

సున్నము మానుడని నేను చెప్పను. నేనును తాంబూలము వేయువాడనే. కాని గుల్లలలో రెండుతెగలు కలవు. భూమిలో పూడియుండి త్రవ్వితీయు పాతగుల్ల యొకటి. బురదపై తిరుగు క్రొత్తగుల్ల యొకటి. బట్టీకి మొదటిది చాలును. రెండవదానిని ఏఱువారు ఊరిలో నున్నచో వారితో ఒక్కమాట చెప్పుడు: ఏఱిన గుట్టను వెంటనే గోనెల కెత్తక, పోటునీరు తాకునంత యంచున ఒక రాత్రి విడువవలెను. తెల్లవాఱునప్పటికి కాపురమున్న గుల్లలు తమంతట తామే నడచిపోవును. మిగిలినవి ఖాళీవి. వానిలోను ఒక గంపెడు మడచెట్ల మొదట తిరిగి చల్లినచో బట్టీవానికి వచ్చు నష్టము స్వల్పము. చల్లిన గుల్లలకు చిన్న ఎఱ్ఱరంగు చుక్క పెట్టి, పదిదినముల పిమ్మట పాటువేళ పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూడుడు. ఎఱ్ఱచుక్కగల గుల్లలు ఎన్ని నడచుచున్నవో బడిపిల్లలే లెక్కపెట్టగలరు.